ఒక్క రాయీ కదలని ఇల్లు

మా ఆయన నెవిల్ జనవరిలో పడ్డాడు. పొద్దున్నే దూడలకి పాలు కలిపి రెండు బకెట్లు పట్టుకుని, వంటింటి గుమ్మం దిగి, ఇంటి చుట్టూ తిరిగి కొట్టానికి వెళ్తున్నాడు. మూల మలుపులో బండల మీద మంచు గడ్డకట్టి ఉంది. కాలు జారింది. తుంటి మూడు ముక్కలైంది, నడుము దగ్గర పూస ఒకటి చితికింది. అరగంట పైగా అక్కడే పడి ఉన్నాడు. అరిచాడట. నేను గోడకి ఇవతల రొట్టె పిండి పిసుకుతూ రేడియోలో వాతావరణం వింటున్నాను. మా గోడలు మూడడుగుల మందం, బయట మనిషి ప్రాణం పోతున్నా లోపలికి వినబడదు.

కోల్డ్‌గిల్ అనే ఈ ఇల్లు నా పుట్టిల్లు. పెళ్ళయ్యాక నెవిలే నా దగ్గరికి వచ్చాడు. పక్క లోయలో కౌలు రైతు కొడుకు, వాళ్ళకి సొంతమని చెప్పుకోవడానికి ఒక గడప కూడా లేదు. మాకు ఉంది. రాతి పలకల కప్పు ఒకటే, దాని కింద తూర్పు సగంలో మనుషులు, పడమటి సగంలో పశువులు, రెండిటికీ మధ్యన నడిమి గోడ. వీధిగుమ్మం పైరాయి మీద 1684 అని చెక్కి ఉంటుంది. దాని పక్కన ఇల్లు కట్టుకున్న మా పూర్వీకుడు థామస్ ఫాసెట్, ఆయన భార్య ఆగ్నెస్, వాళ్ళ పేర్ల మొదటి అక్షరాలు. మా లోయలో పాత ఇళ్ళన్నిటికీ అలాంటి పైరాయి ఉంటుంది. కొందరి రాళ్ళు ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి పెట్టినవని అందరికీ తెలుసు. మాది అలాంటిది కాదని చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

మార్చిలో ఆసుపత్రిలో ఒకావిడ ఫారం పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. నెవిల్‌ని ఇంటికి పంపే ముందు ఇల్లు ఎలాంటిదో రాసుకోవాలట. పడకగది ఎక్కడని అడిగింది. మేడ మీద అన్నాను. మెట్లెన్నని అడిగింది. పదమూడు అన్నాను. తిన్నగా ఉంటాయా అంటే మెలి తిరిగి ఉంటాయని, రాతివని, నడుమ అరిగి గుంటలు పడ్డాయని చెప్పాను. పట్టుకోవడానికి కమ్మీ ఉందా అంటే తాడు ఉందన్నాను. ఆవిడ కలం ఆపి నా మొహంలోకి చూసింది. ముందు గదిలో మంచం వెయ్యచ్చు కదా అంది. దానికి రెండు మెట్లు దిగాలి, తలుపు ఇరవై ఆరు అంగుళాలు, చక్రాల కుర్చీ పట్టదు, పైగా నేల కింద అంతా కొండరాయి, స్నానాలగదికి గొట్టం వెయ్యాలంటే మందు పెట్టి పేల్చాలి. ఆవిడ ఇవన్నీ ఓపిగ్గా రాసుకుని చివరికి తేల్చింది. జూన్ పదిహేనులోగా కింద ఒక గది, దానికి ఆనుకుని స్నానాలగది, వంటింట్లోంచి కుర్చీ తోసుకుంటూ వెళ్ళగలిగేలా ఏర్పాటు చెయ్యాలి. లేకపోతే పట్నంలో ముసలివాళ్ళ ఆశ్రమంలో మంచం ఒకటి ఖాళీ ఉంది, అక్కడికి పంపిస్తారు. మా ఇంటికి నలభై మైళ్ళు.

నెవిల్ పక్కనే కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. ఆవిడ వెళ్ళాక, గొర్రెల ఈతలు ఎలా ఉన్నాయని అడిగినంత మామూలుగా అడిగాడు.

"అక్కడికి వెళ్ళాక నువ్వు వారానికోసారి వస్తావా, రెండుసార్లు వస్తావా?"

నోరు ముయ్యమన్నాను. నువ్వు ఎక్కడికీ పోవు, మన ఇంటికే వస్తావన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకేమీ అనుమానం లేదు. ఎందుకంటే కొట్టం ఉంది. ఆవుల్ని అమ్మేసి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు అందులో నాలుగు దూడలు తప్ప ఏమీ లేవు. వాటిని పై షెడ్డులోకి తోలితే సరిపోతుంది. నేల వంటింటి నేలతో సమానంగా ఉంటుంది, నీళ్ళున్నాయి, పేడ కాలువ ఉంది కాబట్టి గొట్టానికి దారి ముందే ఉంది. వెచ్చటి గది అవుతుంది. కావలసింది ఒక్కటే, నడిమి గోడలో తలుపు.

అక్కడే వచ్చింది చిక్కు. మాది చరిత్ర ఉన్న ఇల్లని ఎనభైల్లో సర్కారువాళ్ళు కాపాడాల్సిన కట్టడాల జాబితాలోకి ఎక్కించారు. అప్పట్నుంచి మేకు కొట్టాలన్నా అడగాలి. నేను ఫారం నింపాను, పటం గీయించాను, డాక్టరు ఉత్తరం జతచేశాను. ఆరు వారాలకి ఇమోజెన్ అనే అమ్మాయి వచ్చింది. పాత కట్టడాల ఆఫీసరు. బురద అంటని బూట్లు వేసుకుంది. మంచి పిల్లే, నేను అబద్ధమాడను. గోడ మీద అరచెయ్యి ఆనించి, పసిపిల్ల ఒంటి మీద చెయ్యి వేసినట్టు అలా ఉంచింది. నాకు అప్పుడే గుండెల్లో రాయి పడింది, అంత ప్రేమగా చూసేవాళ్ళు దాన్ని పగలగొట్టనిస్తారా.

కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఇది రెండు పొరల గోడట. ఇటొక వరస రాళ్ళు, అటొక వరస, మధ్యన చిన్న రాళ్ళూ సున్నమూ పోసి నింపిందట. అక్కడక్కడ ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళే పొడుగు రాళ్ళు రెండు పొరల్నీ పట్టి ఉంచుతాయట. కొత్తగా తలుపు కోస్తే బస్తా చిరిగి గింజలు కారినట్టు లోపలిదంతా కారిపోతుందట. నేను ఆ ఇంట్లో పుట్టినదాన్ని, నాకు చెబుతుందీవిడ. సరే, ఇనప దూలాలు పెట్టి కోయిస్తానన్నాను. అప్పుడు సంచిలోంచి ఒక కాగితం తీసింది.

"అది ఒక్కటే కాదండీ. ఈ ఇంటి గురించి జాబితాలో రాసిన వివరం ఇదిగో. 'యజమాని కుమార్తె చెప్పిన ప్రకారం, కట్టిన నాటి నుంచి నడిమి గోడలో ఒక్క రాయి కూడా కదల్లేదు.' ఈ లోయలో ఇలా చెక్కుచెదరకుండా మిగిలిన గోడ ఇంకొకటి లేదు. అందుకే దీన్ని కొయ్యడానికి నేను ఒప్పుకోలేను."

ఆ కుమార్తె నేనే. 1984లో ఆ జాబితా రాయడానికి ఒకాయన అట్ట పలక పట్టుకుని ఇళ్ళన్నీ చూసుకుంటూ వచ్చాడు. సరిగ్గా ఇంటికి మూడువందల ఏళ్ళు నిండిన ఏడు. నాకు ఇరవై ఏడేళ్ళు, నోటికి హద్దూ పద్దూ లేదు. టీ పోసి, మా లోయ అలవాటు ప్రకారం ఎండుద్రాక్ష కేకు మీద చీజు ముక్క పెట్టి ఇచ్చి, ఆయన్ని గదిగదికీ తిప్పాను. ఈ గోడ దగ్గర నిలబడి చెయ్యి చాచి మరీ చెప్పాను, ఒక్క రాయి కూడా కదల్లేదండీ అని. అడిగితే చెప్పలేదు, అడక్కుండానే చెప్పాను. మా నాన్న పొయ్యి పక్కన కూర్చుని టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. నా గొప్పలు విని మురిసిపోతున్నాడనుకున్నాను.

ఇప్పుడు ఆ గొప్పలే అచ్చయి వచ్చి నా నెత్తిన కూర్చున్నాయి. ఇమోజెన్‌కి చెప్పి చూశాను, బతిమాలాను, నా వల్ల అయినంత మర్యాదగా అరిచాను. ఆ పిల్ల కళ్ళు కూడా చెమర్చాయి, అది ఇంకా చిరాకు. కోపంగా కసిరి వెళ్ళిపోయే ఆఫీసరైతే తిట్టుకోవచ్చు. జాలిపడే ఆఫీసరుని ఏం చేస్తాం. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, తనకి తోచిన ఉపాయం చెప్పింది.

"కొట్టంలో గది కట్టుకోవడానికి నాకు అభ్యంతరం లేదండీ. తలుపు మాత్రం వద్దు. వంటింట్లోంచి కొట్టంలోకి బయట నుంచి చుట్టూ తిరిగి వెళ్ళచ్చు కదా."

నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. ఆ పిల్లని రెక్క పట్టుకుని మూల మలుపుకి తీసుకెళ్ళి, ఇదిగో ఇక్కడే పడ్డాడు, ఇక్కడే అరగంట అరిచాడు, ఇటు నుంచే కుర్చీలో తోసుకెళ్ళమంటావా అని అడిగాను. చలికాలంలో ఈ దారిలో నేనే గోడ పట్టుకుని నడుస్తానన్నాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. క్షమించమంది, కారెక్కి వెళ్ళిపోయింది. అప్పటికి మే నెల మొదటివారం. జూన్ పదిహేను ఎంత దూరంలో ఉంది.

మర్నాడు విల్ఫ్ కీర్టన్‌ని పిలిపించాను. విల్ఫ్ రాతిపని మేస్త్రీ, డెబ్భై ఎనిమిదేళ్ళు, మా లోయలో అతను ముట్టుకోని గోడ లేదు. నేను పిలిచింది, ఇమోజెన్ చెప్పింది తప్పని రాసిస్తాడేమోనని. విల్ఫ్ వంటింట్లో నిలబడి గోడని పైకీ కిందికీ చూసి, ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజమన్నాడు. కొత్తగా కోస్తే కూలుతుందట. నీకు టీ దండగ అన్నాను. అతను నా మాట పట్టించుకోలేదు. గిన్నెల బీరువా పక్కనుంచి ఒంగి గోడ అడుగున ఏదో చూస్తున్నాడు.

అక్కడ చెమ్మ మరక ఉంది. ఎప్పట్నుంచో ఉంది. ప్రతి ఏప్రిల్‌లో దాని మీద రంగు వేస్తాను, ప్రతి నవంబరుకీ అది మళ్ళీ పైకొస్తుంది. పాత ఇల్లన్నాక చెమ్మ ఉండదా. విల్ఫ్ బీరువాని జరపమన్నాడు. ఇద్దరం కలిసి చచ్చీచెడీ జరిపాం. వెనక ఆ మరక రెండో అంచు కనబడింది. అదీ నిటారుగా ఉంది, మొదటి దానిలాగే, తాడు పట్టి గీసినట్టు. రెండిటి మధ్య మూడడుగులు కూడా లేదు.

"రాతిగోడలో చెమ్మ ఎటుపడితే అటు పాకుతుంది లోర్నా, ఇలా గీత గీసుకుని ఎక్కదు. ఈ రెండు గీతల మధ్యన ఉన్నది వేరే సరుకు. ముప్పై ఏళ్ళుగా గోడ నీకేదో చెబుతుంటే నువ్వు దాని నోటికి రంగు పూస్తున్నావు."

ఏం సరుకు అన్నాను. అతను కొట్టం వైపుకి వెళ్దామన్నాడు. చుట్టూ తిరిగి వెళ్ళాం. అటువైపు గోడంతా సిమెంటు పూత, నేను పుట్టక ముందు పూసింది, ఆవుల కొట్టాన్ని కడుక్కోవడానికి వీలుగా. విల్ఫ్ సుత్తి తిరగేసి పిడితో కొట్టుకుంటూ పోయాడు. ఒకచోట చప్పుడు మారింది.

అప్పుడు చెప్పాడు. యాభైల్లో పాల ఇన్‌స్పెక్టరు ఒకడు ఒక్కో పశువుల కొట్టమూ తిరిగేవాడట. ఆవులుండే చోటి నుంచి ఇంట్లోకి తలుపు ఉండకూడదు, గోడలకి సిమెంటు పూయాలి, లేకపోతే పాలు అమ్ముకోనివ్వం. లోయ పొడుగునా అలాంటి తలుపులు మూసేశారట. విల్ఫే కుర్రాడిగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్నతో కలిసి ఐదారు మూశాడట. మా ఇంటికి మాత్రం ఎవరూ వాళ్ళని పిలవలేదట.

మా ఇంట్లో అలాంటిదేమీ జరగలేదన్నాను. థామస్ ఫాసెట్ కట్టినప్పటి నుంచీ, అని మొదలుపెట్టాను.

"ఒక్క రాయి కూడా కదల్లేదు, అంతేగా. విన్నాంలే తల్లీ, లోయంతా విన్నాం," అన్నాడు విల్ఫ్. "మీ నాన్న మమ్మల్ని పిలవలేదంటే తనే కట్టుకుని ఉంటాడు. ఆయన కట్టిన పశువుల గోడలు చూశాను, తాపీపని రాదు మహానుభావుడికి. సిమెంటు ఒలిచి చూస్తే తెలిసిపోతుంది. కానీ ముట్టుకోకు. ముందు ఆ అమ్మాయిని అడుగు."

అడిగాను. ఫోన్లో ఇమోజెన్ ఎగిరి గంతేసినంత పనిచేసింది. పాత తలుపు ఉండి ఉంటే దాన్ని మళ్ళీ తెరవడం వేరే సంగతట, కొత్తగా కొయ్యడం వేరట. కానీ సిమెంటు ఒలవాలన్నా దానికి విడిగా ఫారం ఉంది. ఎన్నాళ్ళు పడుతుందంటే ఎనిమిది వారాలంది. నాకున్నవి ఐదు. తొందరపెడతానంది, ఎంత తొందరపెట్టినా ఆరు వారాలంది. నేను ఫోను పెట్టేసి, పొయ్యి మీద మాడిపోతున్న కూరని దించి, అలాగే గిన్నెతో సహా తొట్లో పడేశాను.

ఆదివారం పొద్దున్న, లోయలో జనమంతా ప్రార్థనకి వెళ్ళే వేళకి, నెవిల్ సుత్తీ ఉలీ తీసుకుని కొట్టంలోకి వెళ్ళాను. అరవై ఐదేళ్ళదాన్ని, నాకు ఉలి పట్టడం రాదు. మొదటి దెబ్బ నా బొటనవేలి మీద పడింది. పాల ఇన్‌స్పెక్టరుని తిట్టాను, ఇమోజెన్‌ని తిట్టాను, థామస్ ఫాసెట్‌ని, ఆగ్నెస్‌ని, ఈ ఇల్లు నాకు వదిలిపెట్టి పోయిన ప్రతి ఫాసెట్‌నీ పేరుపేరునా తిట్టాను. సిమెంటు మొదట చిప్పలుగా రాలింది, తర్వాత పెద్ద పెద్ద పెచ్చులుగా ఊడింది. దుమ్ముకి కళ్ళు మూసుకుపోయాయి. కడుక్కుని వచ్చి చూసేసరికి ద్వారం ఉంది.

రెండు వైపులా నిలువురాళ్ళు, పైన ఒకే పొడుగాటి పైరాయి, అంచులు వాలుగా చెక్కినవి, అచ్చం వీధిగుమ్మం చెక్కడమే. అదే చెయ్యి. లోపల ఎర్ర ఇటుకలు నింపి ఉన్నాయి, వంకరటింకరగా, సున్నం బయటికి కారిపోయి. మా నాన్న పనే. నిలువురాళ్ళు తుంటి ఎత్తున నున్నగా అరిగి ఉన్నాయి. గడపరాయి నడుమ గుంట పడి ఉంది. రెండువందల డెబ్భై ఏళ్ళు ఫాసెట్లందరూ ఆ గడప దాటి ఆవుల దగ్గరికి వెళ్ళారు. వానలో, మంచులో ఒక్కరు కూడా చుట్టూ తిరగలేదు.

తలుపు మూశాక మేమూ తిరిగాం, పడింది మాత్రం నెవిల్ ఒక్కడే.

సంతోషించాల్సిందాన్ని. తలుపు దొరికింది, నెవిల్ ఇంటికి వస్తాడు. బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను. పెళ్ళయిన రెండో ఏడు, తొంభై ఒకటిలో, నెవిల్ నన్ను అడిగాడు, ఈ గోడలో చిన్న తలుపు పెట్టుకుంటే ఎలా ఉంటుందని. చలికాలం బకెట్లతో చుట్టూ తిరగడం కష్టంగా ఉందన్నాడు. నేనేమన్నానో నాకు మాట మాటా గుర్తుంది. మూడువందల ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోని గోడని నువ్వొచ్చి పగలగొడతావా అన్నాను. చుట్టూ తిరిగి వెళ్ళచ్చు కదా, కాళ్ళు అరిగిపోతాయా అన్నాను. కౌలు ఇంట్లో పుట్టినవాడికి ఇలాంటివి అర్థం కావని కూడా అన్నాను, అది పైకి అనలేదేమో, మొహంతో అని ఉంటాను. నెవిల్ సరేనన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇమోజెన్ గుమ్మంలో నిలబడి అదే మాట అంటే ఆ పిల్లని రెక్క పట్టుకుని లాక్కెళ్ళాను.

సోమవారం ఇమోజెన్‌కి నేనే ఫోన్ చేశాను. ఫారం లేకుండా సిమెంటు ఒలిచేశాను, కేసు పెట్టుకుంటావో జైల్లో వేస్తావో నీ ఇష్టం, వచ్చి చూడు అన్నాను. గంటన్నరలో వచ్చింది. ఈసారి మోకాళ్ళ మీద కూలబడింది, బురదా దుమ్మూ చూసుకోలేదు. టార్చి వేసి నిలువురాళ్ళ సందుల్లోకి చూసి, గోడ కట్టినప్పుడే పెట్టిన ద్వారమని, రాళ్ళు గోడలోకి అల్లుకుని ఉన్నాయని, తెరిస్తే కూలదని చెప్పింది. ముప్పై మూడు అంగుళాలు. కొలిచి నా వైపు చూసి నవ్వింది. కుర్చీకి ఎంత కావాలో ఆ పిల్లకి గుర్తుంది.

చిక్కు అక్కడితో తీరిందా అంటే, ఆ ఇటుకల్లో కింది వరసలు రెండు ఉంచితే బాగుంటుందంది. అవి కూడా ఇంటి చరిత్రేనట. ఇటుకలు అంత ముద్దొస్తే నీ కారు డిక్కీలో పెట్టుకుని పోమ్మా అన్నాను. ఫొటోలు తీసుకుని ఊరుకుంది. చెప్పకుండా ఒలిచినందుకు పై ఆఫీసరు నుంచి నాకు ఒక ఘాటైన ఉత్తరం వస్తుందంది. రానీ అన్నాను. అనుమతి పది రోజుల్లో ఇప్పిస్తానంది. కానీ దానికి ముందు ఒకటి కావాలి. జాబితాలో ఉన్న ఆ వాక్యం కొట్టెయ్యాలంటే, చెప్పినావిడే అది తప్పని రాసివ్వాలి.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాను. మూడు కాగితాలు చించాను. మొదటి దాంట్లో తప్పంతా మా నాన్న మీదకి వెళ్ళింది, రెండో దాంట్లో పాల ఇన్‌స్పెక్టరు మీదకి. ఇమోజెన్ టీ తాగుతూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చివరికి, "1984లో నేను చెప్పింది తప్పు. కనుక్కోకుండా చెప్పాను," అని రాసి సంతకం పెట్టాను. మూడువందల ఏళ్ళ గొప్ప రెండు వాక్యాల్లో పోయింది, నాకు ఏడుపొచ్చింది, ఆ పిల్ల ముందు ఏడవడం ఇష్టం లేక చెంబులో నీళ్ళు పట్టడానికి లేచాను.

అనుమతి వచ్చింది. విల్ఫ్ ఇటుకలు తీశాడు, ప్రతి ఇటుకకీ మా నాన్న పనితనం మీద ఒక మాట వేస్తూ. గొట్టాలవాళ్ళు వచ్చారు. జూన్ ఏడున ఆసుపత్రిలో ఫారం ఆవిడకి ఫొటోలు చూపించాను, పదకొండో తారీఖున తీసుకెళ్ళమంది. ఆ మాట నెవిల్‌కి చెప్పడానికి వార్డులోకి వెళ్ళాను. అంతవరకూ ఆయనకి తలుపు పెట్టిస్తున్నామని మాత్రమే చెప్పాను. అసలు సంగతి ఫోన్లో చెప్పలేకపోయాను.

దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, కేకు డబ్బా తెరిచి ఇచ్చి, తల వంచుకుని చెప్పాను. అది కొత్త తలుపు కాదని, పాత ద్వారమేనని, మా నాన్న మూసేశాడని, నాకు తెలియదని. తొంభై ఒకటిలో నువ్వు అడిగినప్పుడు నేను విని ఉంటే గోడలో అదే బయటపడేదని, నువ్వు ఆ బండల మీద నడవాల్సిన పనే ఉండేది కాదని. క్షమించమని అడగడం నాకు చేతకాదు. నాకు వచ్చినట్టు అడిగాను.

నెవిల్ కేకు నములుతూ అడిగాడు.

"ఇటుకలు తియ్యడం కష్టమైందా విల్ఫ్‌కి?"

తేలిగ్గానే వచ్చేశాయని చెప్పబోయి ఆగాను. నేను ఇటుకల మాట ఎత్తలేదు. మూసేశాడన్నానే కానీ దేనితో మూశాడో చెప్పలేదు. మా లోయలో ఎవడూ ఇటుకతో కట్టడు, రాయి ఊరికే దొరుకుతుంటే.

"ఇటుకలని నీకెవరు చెప్పారు?" అన్నాను.

కేకు ముక్క డబ్బాలో పెట్టేశాడు. చెప్పక తప్పదని తెలిసినప్పుడు ఆయన అలాగే చేతులు తుడుచుకుంటాడు. మా పెళ్ళయిన మొదటి చలికాలం మా నాన్నే చూపించాడట. సిమెంటు మీద చెయ్యి పెట్టి, ఇదిగో ఇక్కడ తలుపుండేది, రైలు స్టేషను కూల్చినప్పుడు తెచ్చిన ఇటుకలతో నేనే మూశాను, లోర్నాకి మాత్రం చెప్పకు, అది పెద్ద ఆఫీసరుకి గొప్పగా చెప్పుకుంది, నేను అప్పుడు నోరు మెదపలేదు, ఇప్పుడు చెబితే నా పరువూ దాని పరువూ పోతుందన్నాడట.

మరి తెలిసీ తలుపు పెట్టుకుందామా అని నన్నెందుకు అడిగావన్నాను.

"నువ్వు సరే అంటే చాలనుకున్నాను. గోడ పగలగొట్టినప్పుడు అదే బయటపడేది, నేను చెప్పినట్టు ఉండేది కాదు. నువ్వు వద్దన్నావు. ఆ వారమే మీ పిన్ని కూతురు వస్తే ఆ గోడ మీద చెయ్యి వేసి చూపించావు. నీ మొహం ఎంత వెలిగిపోయిందో నువ్వు చూసుకోలేదు. అది పాడు చెయ్యాలనిపించలేదు లోర్నా. నాలుగు అడుగులు చుట్టూ నడవడమే కదా అనుకున్నాను."

అప్పుడు అరిచాను. వార్డంతా తలలు తిప్పింది. "ముప్పై ఏళ్ళు నోట్లో పెట్టుకుని తిరిగావా? ఒక్క మాట, ఒక్క మాట చెప్పి ఉంటే ఇవాళ నీ కాళ్ళ మీద నువ్వు నడుస్తుండేవాడివి."

నెవిల్ నా వైపు చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాతో ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడలేదు, అప్పుడు కూడా గట్టిగా మాట్లాడలేదు.

"నువ్వు ఒక్కసారి సరే అని ఉన్నా నడుస్తుండేవాణ్ణి."

పక్క మంచం ముసలాయన మాకోసం టీవీ చప్పుడు పెంచాడు. నర్సు వచ్చి, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇక వెళ్ళాలని చెప్పి, నా మొహం చూసి, ఇంకో పది నిమిషాలు ఉండచ్చులే అని వెళ్ళిపోయింది. నేను కుర్చీ ఆయన కుర్చీకి ఇంకాస్త దగ్గరగా లాక్కుని కూర్చున్నాను. డబ్బాలో పెట్టేసిన కేకు ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను.